ఇంజెక్షన్ తర్వాత ఒళ్లంతా సెగలు.. మానేయొచ్చా?

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా నాన్నకు 68 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్ వేస్తున్నారు. రెండు డోసులయ్యాయి. రాత్రిళ్లు ఉన్నట్టుండి ఒంట్లో సెగలు పుట్టి బనియన్ తడిసిపోతోంది. నీరసం, చిరాకు. ‘వేడి చేసింది, ఇక సూది వద్దు’ అంటున్నాడు. మానేస్తే ఏమవుతుంది?
- ఓ పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: ఇది మజ్జిగకో సబ్జా నీళ్లకో తగ్గే వేడి కాదు. టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ ఈ క్యాన్సర్‌కు మేత. దాన్ని ఆపడమే ఇంజెక్షన్ పని. హార్మోన్ పడిపోయేసరికి మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే భాగం తికమకపడుతుంది. ముట్లుడిగే వయసులో ఆడవాళ్లకు వచ్చే ఆవిర్లే ఇవి. మగవాళ్లకు ఈ మాట చెబితే ముఖం చిట్లిస్తారు గానీ, మీ అమ్మగారికి ఇట్టే అర్థమవుతుంది.

సొంతంగా మాత్రం మానొద్దు. హార్మోన్ మళ్లీ పెరిగితే అణిగి ఉన్న జబ్బు లేస్తుంది.

ఆవిర్లు ఏ వేళ, ఏం తిన్నాక వస్తున్నాయో వారం పాటు రాసి చూడండి. కారం, వేడి టీ, మద్యం చాలామందిలో వీటిని పెంచుతాయి. ఊరుబిండి పచ్చడి మానమంటే వినరు, కనీసం రాత్రి పూట తగ్గించమనండి. పలచని నూలు బట్టలు వేసుకుని, పడక పక్కన తడి తువ్వాలు పెట్టుకోవాలి. అయినా నిద్ర పట్టకపోతే మాత్రలున్నాయి, మీ క్యాన్సర్ డాక్టర్‌ను అడగండి.

నా టెన్షన్ ఆవిర్ల కంటే ఎముకల గురించి. ఈ ఇంజెక్షన్ వాటిని పలచబరుస్తుంది. పైగా జబ్బు ఇప్పటికే అక్కడికి చేరింది. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష చేయించండి. తిండితో కలిపి రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం అందాలి. 100 గ్రాముల రాగిపిండిలోనే 300కు పైగా ఉంటుంది. అలాగని రెండు ముద్దల సంగటి తినేస్తే షుగర్ పెరుగుతుంది. అసలే ఈ మందుతో కండ తగ్గి పొట్ట, షుగర్ పెరుగుతాయి. ఒక ముద్ద, పక్కన పప్పో గుడ్డో చాలు. ఎముకలు గట్టిపడే ఇంజెక్షన్ రాస్తే, ముందు పళ్ల డాక్టర్‌కు చూపించాలి.

నీరసానికి పడుకోవడం మందు కాదు. పొద్దున, సాయంత్రం నడిపించండి. బరువులెత్తే వ్యాయామం మాత్రం డాక్టర్‌ను అడిగాకే. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ ఎప్పటికప్పుడు చూపించండి.

ఇంకో సంగతి. కోరిక తగ్గడం కూడా ఈ మందు వల్లే. కొడుకుతో ఆయన ఆ మాట అనలేరు. చిరాకు వెనక అదీ ఉండొచ్చు. ఈసారి డాక్టర్ గదిలో ఆయన్ను కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి.

కొత్తగా నడుంనొప్పి మొదలైనా, కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.