ముందు కౌంటీ ఆఫీసు, తర్వాతే కొండ

"అక్కా, మేమిద్దరమే రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో పెళ్లి చేసుకుందామనుకుంటున్నాం. ఏమేం కావాలి?" అని అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి, మా డెన్వర్‌కు కొత్తగా వచ్చిన ఒక చెల్లెమ్మ అడిగింది. ఇక్కడివాళ్లు దీన్ని ఎలోప్‌మెంట్ అంటారు. నిఘంటువు చూస్తే లేచిపోవడం అని ఉంటుంది. కానీ ఇప్పుడు ఇక్కడ ఆ మాటకు నచ్చిన చోట ఇద్దరో, పదిమందో కలిసి చేసుకునే చిన్న పెళ్లి అనే అర్థం. మా పెళ్లీ పదమూడేళ్ల కిందట ఆ పార్కులోనే, స్ప్రేగ్ లేక్ ఒడ్డున జరిగింది.

అన్నిటికన్నా ముందు మ్యారేజ్ లైసెన్స్, అంటే పెళ్లికి ముందే తీసుకోవాల్సిన ప్రభుత్వ అనుమతి పత్రం. అది లేకుండా గుళ్లో పంతులుగారు ఎంత శాస్త్రోక్తంగా చేయించినా చేతికి సర్టిఫికెట్ రాదు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కొలరాడోలో ఏ కౌంటీ క్లర్క్ ఆఫీసుకైనా పాస్‌పోర్టులు పట్టుకుని ఇద్దరూ వెళ్లండి. ఆ లైసెన్స్ 35 రోజులే చెల్లుతుంది, ఈ రాష్ట్రంలోనే పనికొస్తుంది. ఇక్కడ ఇంకో వెసులుబాటు ఉంది. పురోహితుడు, జడ్జి, సాక్షులు ఎవరూ లేకపోయినా వధూవరులే సంతకాలు పెట్టి పెళ్లి జరిపించుకోవచ్చు. అదే యోసెమిటీ నేషనల్ పార్కులో చేసుకుంటే కాలిఫోర్నియా చట్టం వర్తిస్తుంది కాబట్టి పెళ్లి జరిపించే మనిషి కావాలి, మామూలు లైసెన్స్ అయితే ఒక సాక్షి కూడా ఉండాలి.

సంతకాలైన లైసెన్స్‌ను 63 రోజుల్లోగా క్లర్క్ ఆఫీసుకు తిరిగి పంపాలి. అది రికార్డయ్యాకే సర్టిఫైడ్ కాపీలు ఇస్తారు. నాలుగైనా తీసుకోండి. హెచ్-4కు, అంటే హెచ్-1బి ఉద్యోగి భార్య లేదా భర్తకిచ్చే వీసాకు మారాలన్నా, పాస్‌పోర్టులో భర్త పేరు చేర్చాలన్నా అడిగేది వాటినే.

పేరు విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయొద్దు. ఫారంలో కాలేజీ సర్టిఫికెట్లో ఉన్నట్టు ఇంటిపేరుకు ఒక్క అక్షరమే రాశాను. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంది. రెండూ ఒకరివేనని నిరూపించడానికి వారాలు పట్టింది. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం చూసి రాయండి.

ఇక పార్కు. మీరిద్దరే వెళ్లినా పర్మిట్ తప్పనిసరి. రుసుము 300 డాలర్లు, వెనక్కి రాదు. ప్రవేశ రుసుము వేరే. పెళ్లిళ్లకు కొన్ని చోట్లే కేటాయించారు: స్ప్రేగ్ లేక్, లిలీ లేక్, హిడెన్ వ్యాలీ, 3ఎమ్ కర్వ్ లాంటివి. మంచి తేదీలు త్వరగా నిండిపోతాయి, తేదీ అనుకోగానే దరఖాస్తు పెట్టండి. స్ప్రేగ్ లేక్ దాదాపు 8,700 అడుగుల ఎత్తులో ఉంది, అంటే తిరుమల కొండకు మూడింతలు. ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటుపడేలా ఒకరోజు ముందే పార్కు పక్కనున్న ఎస్టెస్ పార్క్ ఊరికి చేరి, నీళ్లు బాగా తాగండి. వేసవిలో మధ్యాహ్నాలు పిడుగులు పడతాయి కాబట్టి పొద్దున్నే పెట్టుకోండి.

మన తంతులో ఏది కుదురుతుందో ముందే తెలుసుకోవాలి. బియ్యం చల్లనివ్వరు, కాబట్టి తలంబ్రాలు, అక్షింతలు అక్కడ కుదరవు. హోమగుండం వెలిగించడానికీ లేదు. మాకు మొదట చాలా బాధేసింది. చివరికి పంచుకున్నాం: జీలకర్ర బెల్లం, మంగళసూత్రం సరస్సు దగ్గర, తలంబ్రాలు ఆ సాయంత్రం మా అపార్ట్‌మెంట్లో. తమలపాకులో జీలకర్ర బెల్లం ముద్దను చలికి వణుకుతున్న వేళ్లతో ఆయన నా తలమీద పెట్టడం, ఎదుట నీళ్లలో కొండ నీడ కదలకుండా ఉండడం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఆకుతో సహా అన్నీ సంచిలో వేసుకొచ్చాం. తలంబ్రాల పసుపు బియ్యం మాత్రం నెలరోజులపాటు సోఫా కింద దొరుకుతూనే ఉంది.

తర్వాత ఇండియాలో పెద్దగా చేసుకున్నా, ఫారాల్లో పెళ్లి తేదీ అంటే ఇక్కడ చట్టప్రకారం జరిగినదే. అక్కడ మళ్లీ కొత్త తేదీతో రిజిస్టర్ చేయిస్తే రెండు సర్టిఫికెట్లు, రెండు తేదీలు అవుతాయి, ఆ చిక్కు వద్దు. ట్యాక్సుల్లో డిసెంబర్ 31 నాటికి పెళ్లయి ఉంటే ఆ ఏడాదంతా వివాహితులకిందే లెక్క.

ఇప్పుడు అసలు మాట. మేం ఇంట్లో చెప్పకుండా చేసుకుని, తర్వాత ఫోటో పంపాం. నాన్న ఆ ఫోటో చూసి "సరేనమ్మా" అని ఫోన్ పెట్టేశారు. మళ్లీ మనసు విప్పి మాట్లాడటానికి ఏడాది పట్టింది. పెళ్లి చిన్నదైనందుకు కాదు, ఆయనకు కబురు లేనందుకు. ఒప్పుకోరేమోనన్న భయం ఉన్నా నువ్వు ముందే చెప్పు. వాళ్లనే ముహూర్తం పెట్టించమను. పంచాంగం డెన్వర్‌కు లెక్కకట్టినదై ఉండాలని గుర్తుచెయ్యి. వేసవిలో ఇక్కడ ఉదయం ఆరంటే ఇంటి దగ్గర అదేరోజు సాయంత్రం ఐదున్నర, అందరూ మెలకువగానే ఉంటారు. పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, వీడియో కాల్ మీద ఆశపెట్టకుండా తాళి కట్టేది ఫోన్లో తీసుకోండి. కిందికి దిగి ఎస్టెస్ పార్క్‌లో సిగ్నల్ రాగానే, టిఫిన్ కన్నా ముందు, నాన్నగారికి పంపు.