గుమ్మడి సూపుకు మీగడ ఎందుకమ్మాయీ

చిరంజీవి మేనకోడలికి విశాఖ పెదవాల్తేరు నుంచి మామయ్య ఆశీస్సులతో రాసేది.

నువ్వు ఫోనులో పంపిన నాలుగు ముక్కలకు కాగితం మీద జవాబు రాస్తున్నానని నవ్వుకోకు. ఫోనులో చెప్పబోతే మధ్యలో ‘తెలుసులే మామయ్యా’ అంటావు. కాగితం ఆ మాటకు ఆగదు.

బాబుకు పాలు పడటం లేదని డాక్టరు అన్నారనీ, సాయంత్రాలు చల్లబడ్డాక వాడికి వేడిగా గుమ్మడికాయ సూపు పెడదామనుకున్నావనీ రాశావు. మొదటిసారి మీగడకు బదులు జీడిపప్పు ముద్ద కలిపితే గోడకు కాగితాలు అంటించే మైదాలా సాగిందన్నావు. రెండోసారి డబ్బా కొబ్బరిపాలు పోసి మరిగిస్తే విరిగిపోయి పైన తరకలు తేలాయన్నావు. రెండుసార్లూ ముక్కలు కుక్కరులో ఉడకబెట్టావు. తప్పంతా అక్కడే ఉంది. మీగడ స్థానంలో ఏం పోయాలా అని తెగ వెతికావు గానీ, కాయలో ఉన్న నీళ్లు ఎటు పోవాలన్నది చూడలేదు. అసలే నీటికాయ, దానికి మళ్లీ నీళ్లు పోసి మూతపెట్టావు. ఆ నీరు పోగొడితే గుమ్మడి తనంతట తానే వెన్నలా అవుతుంది.

సరుకు ఓడల్లో 27 ఏళ్లు గరిటె తిప్పినవాణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. అక్టోబరులో యూరప్ రేవుల్లో ఆగితే కూరగాయలవాళ్లు బటర్‌నట్ అనే కాయలు పెట్టెలకొద్దీ ఎక్కించేవారు. మెడ పొడుగ్గా, అడుగు గుండ్రంగా, సొరకాయకు లేత గోధుమరంగు పూసినట్టుంటుంది. నువ్వు చూసిన వంటల వీడియోల్లో వాడేది అదే అయ్యుంటుంది. మన దగ్గర దొరకదని దిగులు పడకు. అదీ, మన సంతల్లో కనిపించే తీపి గుమ్మడీ చాలావరకు ఒకే జాతి, శాస్త్రంలో దాని పేరు కుకుర్బిటా మోస్కాటా. నా చేతికి తెలిసిన తేడా ఏమిటంటే బటర్‌నట్ కండ గట్టిగా, పొడిగా ఉంటుంది. మన కాయ నీరు ఎక్కువగా వదులుతుంది. అందుకే మనం ఇంకాస్త ఎక్కువసేపు కాల్చాలి.

కాయ కొనడానికి నువ్వే వెళ్లు. ఎంవీపీ కాలనీ రైతు బజారుకైనా, పూర్ణా మార్కెట్‌కైనా పొద్దున్నే వెళితే మంచిది. మీ ఆయన్ని పంపితే దసరా రోజుల్లో బళ్ల ముందు కొట్టడానికి గుట్టలు పోసిన బూడిద గుమ్మడి పట్టుకొచ్చినా ఆశ్చర్యపోను. అది వడియాలకు బంగారం, ఈ పనికి సున్నా. తీపి గుమ్మడిలో కూడా పచ్చతొక్క లేతకాయ వద్దు. తొడిమ ఎండి బెండులా ఉండాలి, తొక్క మీద గోరు గుచ్చితే దిగకూడదు, చేతిలోకి తీసుకుంటే సైజుకు మించి బరువు తెలియాలి. కోసిన ముక్కే కొనేటట్టయితే లోపలి పీచు చూడు. అది తడిగా, జారుడుగా ఉంటే పక్క దుకాణానికి నడు. ముదిరిన కాయను ఇంట్లో రెండు మూడు వారాలు ఉంచితే ఇంకా మంచిది, లోపలి పిండి మెల్లగా చక్కెరగా మారుతుంది. మన ఊరి ఉప్పుగాలి తేమకు గచ్చు మీద పెడితే అడుగు మెత్తబడుతుంది. చుట్టకుదురు మీద పెట్టు, లేదా పాత చీర చుట్ట చుట్టి దాని మీద పెట్టు.

ఇక కాల్చడం. నలుగురికి కిలో ముక్క చాలు. తొక్క తీయకు. దాన్ని చెక్కబోయి వేలు కోసుకున్న వాళ్లను ఓడలో ముగ్గురిని చూశాను, అందులో ఒకణ్ణి నేనే. తొక్కతోనే నాలుగు పెద్ద చెక్కలుగా కోసి, గింజలూ పీచూ గరిటెతో గీకి ఒక గిన్నెలో వెయ్యి, పారేయకు. చెక్కలకు రెండు చెంచాల వేరుశనగ నూనె, అరచెంచా ఉప్పు పట్టించు. నువ్వుల నూనె అయినా సరే. గుమ్మడికి ఆ నారింజరంగు ఇచ్చే కెరొటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె ఉండాలి, కాబట్టి బాబు కోసమని నూనె బొట్టు మానేయకు. ఒక పెద్ద ఉల్లిపాయ సగానికి కోసి, ఆరు వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే అదే ట్రేలో పెట్టు. ఓవెన్ 200 డిగ్రీలకు వేడెక్కాక, చెక్కల కోసిన ముఖం కిందికి తిప్పి ట్రేను లోపల పెట్టు.

అరగంటకు తలుపు దగ్గర నిలబడి విను. లోపలినుంచి సన్నగా ‘సుయ్’మని చప్పుడు వస్తూ ఉంటుంది. అది గుమ్మడి నీరు ట్రే మీదికి దిగి ఆవిరైపోతున్న చప్పుడు. ఇప్పుడు చెక్కలను వెల్లకిలా తిప్పు, వెల్లుల్లి మాడకముందే తీసి పక్కన పెట్టు. ఇంకో పదిహేను, ఇరవై నిమిషాలకు ఆ చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతుంది. అంచులు బెల్లంపాకం రంగుకు తిరుగుతాయి, అక్కడక్కడ నల్లబడతాయి కూడా. నల్లబడిందని కంగారు పడి తీసేయకు. రుచి అక్కడే ఉంది. చప్పుడు ఆగాక ఇంకో ఐదు నిమిషాలు ఉంచి తియ్యి. గడియారాన్ని నమ్మవద్దు, చెవిని నమ్ము. ఒక్కో కాయ ఒక్కో తీరు. చెంచాతో గీకితే కండ ముద్దగా ఊడి వస్తుంది, తొక్క కాగితంలా మిగులుతుంది. నేను ఒకసారి తూచి చూశాను. కిలో ముక్కకు అరకిలో కంటే కాస్త ఎక్కువ ముద్ద వచ్చింది.

ఓవెన్ ఖాళీ లేకపోతే ఇనుప దోసె పెనం ఉండనే ఉంది. అంగుళం మందం ముక్కలు కోసి, సన్నటి సెగ మీద పది నిమిషాలు మూతపెట్టి, ఆ తర్వాత మూత తీసేసి రెండు వైపులా కాల్చు. మూత తీయడం మరిచిపోతే మళ్లీ కుక్కరు కథే.

గిన్నెలో దాచిన గింజలూ పీచూ ఉన్నాయి కదా. గింజలు విడదీసి కడిగి గుడ్డ మీద ఆరబెట్టు. పీచును, రెండు కొత్తిమీర కాడలను, నాలుగు మిరియాలను నాలుగు గ్లాసుల నీళ్లలో ఇరవై నిమిషాలు మరగనిచ్చి వడగట్టు. సూపును పలచన చేయడానికి ఈ నీళ్లే వాడు. దుకాణంలో అమ్మే సూపు బిళ్లలూ పొడులూ కొనేముందు అట్ట మీద చిన్న అక్షరాలు చదువు, కొన్నింటిలో పాలపొడి ఉంటుంది. మిరియాలు పాడేరు వైపువి దొరికితే తెచ్చుకో. అక్కడ కాఫీతోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లకు ఆ తీగలు ఎగబాకుతాయి. వాసన తలుపు దాటి వస్తుంది.

నీకు విరిగిపోయిన కొబ్బరిపాల సంగతి చెబుతాను. పాలూ మీగడా లేకుండా ఈ సూపు నేను నేర్చుకున్నది ఓడలో కాదు, ఈ ఇంట్లోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరి మీద పడ్డప్పుడు నేను సెలవులో ఉన్నాను. కరెంటు రోజుల తరబడి లేదు. పాల ప్యాకెట్టు కోసం జనం వీధుల వెంట తిరిగారు, దొరికిన చోట ధర వింటే గుండె ఆగేది. మా పెరటిగోడ మీద పక్కింటి కొబ్బరిచెట్టు పడి ఉంది, కాయలు అన్నీ చేతికి అందేటట్టు. మూల చుట్టకుదురు మీద గుమ్మడికాయ ఒకటి ఉంది. గ్యాసు ఉంది, మిక్సీ తిరగదు. పెనం మీద గుమ్మడి కాల్చి, జల్లెడలో వేసి గరిటె వెనక్కి తిప్పి రుద్దాను. కొబ్బరి కోరి గోరువెచ్చటి నీళ్లు చల్లి, గుడ్డలో వేసి పిండాను. మొదట పిండిన చిక్కటి పాలు ఒక గిన్నెలో, మళ్లీ నీళ్లు చల్లి పిండిన పలచటివి మరో గిన్నెలో. పలచటివి పోసి సూపు మరిగించాను. చిక్కటివి కూడా పోయబోతుంటే మీ అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. ‘పొయ్యి కట్టేశాక పొయ్యండి’ అంది. అంత అనుభవం ఉన్న నాకు ఆ రాత్రి కొవ్వొత్తి వెలుగులో కొత్త పాఠం. అంతకుముందు నా చేతిలోనూ సగంసార్లు విరిగేవి.

చిక్కటి కొబ్బరిపాలు పెద్దమంట మీద తెర్లితే నూనె వేరు, నీళ్లు వేరు అవుతాయి. పులుపు తగిలితే ఇంకా త్వరగా. కాబట్టి పలచటి పాలతో మరిగించి, పొయ్యి ఆర్పి రెండు నిమిషాలు ఆగి, చిక్కటివి ముప్పావు కప్పు సన్నధారగా పోస్తూ కలుపు. డబ్బా పాలు అయినా ఇదే పద్ధతి. కొబ్బరి ముదురుది కావాలి, లేతకాయలో పాలు రావు. ఇక జీడిపప్పు. అందులో పిండి ఉంటుంది, మరిగితే బిగుస్తుంది, చల్లారేకొద్దీ ఇంకా బిగుస్తుంది. నీ సూపు మైదాలా అయింది అందుకే. నన్నడిగితే కొబ్బరి చాలు. నీకు జీడిపప్పే ఇష్టమైతే పది పలుకులు మించకు. వేడినీళ్లలో అరగంట నానబెట్టి, విడిగా గంధంలా రుబ్బి కలుపు. దానికోసం పలాస గుండుపప్పు కొనకు, బద్దలు సగం ధరకు రాకపోయినా తక్కువకే వస్తాయి. బంగాళదుంప వేసి మిక్సీ తిప్పమని ఎవరైనా చెబితే వినకు, అదీ బంకే.

మిక్సీ దగ్గర మాత్రం జాగ్రత్త. ఓడలో కుర్రవాడొకడు మరుగుతున్న సూపును జారు నిండా పోసి మూత బిగించి మీట నొక్కాడు. లోపలి ఆవిరి ఒక్కసారిగా ఉబ్బి మూత ఎగిరి పైకప్పుకు తగిలింది. సూపు వాడి ముంజేతి మీద పడింది. అల వల్ల ఓడ ఊగిందని చెప్పుకున్నాడు గానీ ఆ రోజు సముద్రం అద్దంలా ఉంది. ముద్దను గోరువెచ్చగా చల్లారనిచ్చి, జారులో సగానికి మించకుండా వేసి, మూత మీద మడతపెట్టిన గుడ్డ అదిమి, మొదట ఒక్క క్షణం తిప్పి ఆపు. వెల్లుల్లి పొట్టు నొక్కితే లోపలి గుజ్జు పేస్టులా జారి వస్తుంది, అదీ, కాల్చిన ఉల్లీ, అరంగుళం అల్లం కలిపి రెండు విడతలుగా మూడేసి నిమిషాలు తిప్పు. మిక్సీ వేడెక్కితే మధ్యలో ఆపు. తర్వాత జల్లెడలో ఒకసారి వడకడితే నున్నగా వస్తుంది. బాబు పీచు తగిలితే ఉమ్మేస్తాడు కాబట్టి ఈ ఒక్క పని బద్ధకించకు.

గిన్నెలో పోసి, దాచిన నీళ్లూ పలచటి పాలూ చేర్చి, గరిటె వెనకకు పట్టేంత చిక్కగా ఉన్నప్పుడు ఆపు. మిరియాలపొడి పావుచెంచా, ఉప్పు చూసుకో. చిక్కటి పాలు కలిపాక చివరలో నిమ్మరసం నాలుగు చుక్కలు చాలు, తియ్యదనం మొహం మొత్తకుండా ఉంటుంది. యూరప్ వంటవాళ్లు సేజ్ అనే ఆకు వెన్నలో వేయించి పైన వేస్తారు. నువ్వు కరివేపాకు నూనెలో కరకరలాడేలా వేయించి, ఆరిన గుమ్మడి గింజలు ఉప్పు చల్లి వేయించి పైన వెయ్యి. నా మటుకు నాకు ఇదే ఎక్కువ నచ్చింది. కార్తీకంలో ఉల్లి వెల్లుల్లి మానేస్తావని తెలుసు. అప్పుడు అల్లం రెట్టింపు, నూనెలో చిటికెడు ఇంగువ, జీలకర్ర.

ఒక్కటి మాత్రం డాక్టరునే అడుగు. పాలలోని చక్కెర అరగకపోవడం వేరు, పాల ప్రోటీన్ పడకపోవడం వేరు. మొదటిదైతే చెంచాడు నెయ్యితో సాధారణంగా ఇబ్బంది ఉండదు. రెండోదైతే నెయ్యి, వెన్న, బ్రెడ్డులోని పాలపొడి కూడా ముట్టనివ్వకూడదు. బాబుది ఏదో నువ్వు పంపిన ముక్కల్లో లేదు. నెయ్యితో పోపు పెట్టాలని చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు, అందుకే అంటున్నాను. వాడికి జీడిపప్పు కొత్త అయితే అది కూడా కొంచెంగానే మొదలుపెట్టు.

మిగిలింది ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది, మళ్లీ వేడి చేసేటప్పుడు తెర్లనివ్వకు. కాల్చిన ముద్దను కొబ్బరిపాలు కలపకుండా డబ్బాల్లో పెట్టి గడ్డకట్టిస్తే నెల రోజుల పైమాటే.

సగం కాయ మిగిలిపోతే మొహమాటపడకుండా ఫోను చెయ్యి. మీ అత్తయ్య దప్పళం పెడతానంటోంది. సంచి నేను తెచ్చుకుంటాను.

మీ మామయ్య