మూల గిన్నెలో కొత్త కూర

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి ఇచ్చాం): మాది అనంతపురం జిల్లా. పదకొండేళ్లుగా మా ఆయన, నేను హైదరాబాద్ కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ నడుపుతున్నాం. షాపు ఖర్చులు పోను బాగున్న నెలలో 75,000 మిగులుతాయి. సంక్రాంతికి హాస్టళ్లు ఖాళీ అయ్యే జనవరి లాంటి నెలలో 30,000 దాటవు. అద్దె 11,000తో కలిపి ఇంటి ఖర్చు 28,000. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ, నెలకు 10,000 కట్టే 5 లక్షల చిట్టీ, 12 తులాల బంగారం ఉన్నాయి. అప్పుల్లేవు. 3,000తో సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కట్టేది) మొదలుపెట్టి, మార్కెట్ పడేసరికి భయమేసి ఆపేశాను. 55 లక్షల ఫ్లాట్ తీసుకోమని, బావను ఉద్యోగంలో చేరమని మా తమ్ముడు అంటున్నాడు. 40,000 జీతం ఇస్తామని ఒకచోట పిలుస్తున్నారు కూడా. అది ఈఎంఐకి సరిపోతుందట. ఏ నెల ఎంతొస్తుందో తెలియని ఈ టెన్షన్ ఇక నావల్ల కావట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, అంకెలన్నీ రాశాక ఉత్తరం చివర్లో మామూలుగా ఒక మాట చెప్పి వదిలేశారు. నన్ను ఆపింది అదే. మీ కౌంటర్ మీద కుడివైపు మూలన ఒక చిన్న గిన్నె ఎప్పుడూ కొత్త కూర కోసమే ఉంచుతారట. రెండు కిలోలు మించి వండరట. అమ్ముడుపోకపోతే 250 రూపాయల సరుకు పోతుంది, ఆ రాత్రి ఇంట్లో అందరికీ అదే కూర. జనానికి నచ్చితే మాత్రం ఏళ్ల తరబడి నడుస్తుంది. ఇప్పుడు మీ దగ్గర అన్నిటికంటే ముందు అయిపోయే దొండకాయ కొబ్బరికారం అలా వచ్చిందేనన్నారు.

ఆ గిన్నె లెక్క చూడండి. పోతే ఎంత పోతుందో ముందే తెలుసు, అదీ తక్కువే. వస్తే ఎంతొస్తుందో తెలియదు, దానికి హద్దు లేదు. ఎవరికి ఏ కూర నచ్చుతుందో తెలియకపోవడం మీకు నష్టం కాలేదు, లాభం వచ్చిందే అందులోంచి. నేను చెప్పబోయే సలహా అంతా ఈ గిన్నె లెక్కే.

2021 సంగతి కూడా రాశారు. అంతకుముందు ఏడాది లాక్‌డౌన్‌లో మూడు నెలలు షాపు మూసేశారు. రెండో వేవ్ వచ్చినప్పుడు ఇళ్లలో ఐసొలేషన్‌లో ఉన్నవాళ్లకు పూటకు రెండు కూరలు, చారు, అన్నం డబ్బాల్లో పెట్టి గేటు దగ్గర ఇచ్చి వచ్చారు. ఆ ఇళ్లలో కొన్ని ఈ రోజుకీ మీ దగ్గరే తీసుకుంటున్నాయి. మీ పక్క వీధి హోటల్ ఆయన వంట మీకేం తీసిపోదు. ఆయన నెత్తిన లోను ఉంది, మూడో నెలకే సామాను అమ్మేశాడు. అప్పట్లో మీకు అప్పు లేదు, చేతిలో 80,000 ఉన్నాయి. తేడా అంతా అక్కడే వచ్చింది. ఆగి చూసే ఓపిక ఉన్నవాడికి తారుమారైన రోజుల్లో కూడా దారి దొరుకుతుంది. నెల తిరిగేసరికి కట్టి తీరాల్సిన వాడికి ఆ ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక మీ తమ్ముడు చెప్పిన ప్లాన్. ఆయన ప్రేమతోనే చెప్పారు, అందులో అనుమానం లేదు. కానీ 55 లక్షల్లో 11 లక్షలు మీరు పెట్టాలి. అంటే ఎఫ్‌డీ విరగ్గొట్టాలి, చిట్టీ ఎక్కువ తగ్గించి ముందే పాడుకోవాలి, బంగారం కొంత అమ్మాలి. మిగతా 44 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల లోను తీసుకుంటే ఈఎంఐ నెలకు సుమారు 38,000. జీతం 40,000. వినడానికి సరిపోయినట్టే ఉంది. అయితే పొయ్యి దగ్గర ఉండేది మీ ఆయన. ఆయన ఉద్యోగానికి వెళితే షాపులో అదే రుచి, అదే అమ్మకం ఉంటాయని ఎవరూ చెప్పలేరు. పైగా 20 ఏళ్లపాటు ఇల్లంతా ఒకే కంపెనీ జీతం మీద వేలాడుతుంది.

నెల జీతం స్థిరంగా కనిపిస్తుంది. నెలనెలా కొంచెం కొంచెం ఊగదు కాబట్టి అలా కనిపిస్తుంది. ఊగినప్పుడు మాత్రం ఒక్కసారిగా సున్నా అవుతుంది. 2009 జనవరి 7న హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం లెక్కలు తప్పుడువని దాని అధిపతే ఒప్పుకున్న రోజు, ఆ షేరు 179 రూపాయల దగ్గర నుంచి 40కి పడింది. అంతకు కొన్ని నెలల ముందు వరకు హైదరాబాద్‌లో అంతకంటే గట్టి ఉద్యోగం లేదనుకున్నారు. జీతమూ, దాచుకున్న షేర్లూ ఒకే కంపెనీవి అయినవాళ్లకు ఆ రోజు రెండు వైపులా దెబ్బ తగిలింది. మీకు జనవరిలో వచ్చే 30,000 నెల బాధ పెడుతుంది నిజమే, కానీ జాగ్రత్త కూడా నేర్పుతుంది. ఆ నెల గుర్తుండబట్టే పదకొండేళ్లలో మీరు అప్పు చేయలేదు.

మీ ఊళ్లో వేరుశనగ చేనులో కంది సాళ్లు వేయడం మీరు చూసే ఉంటారు. వేరుశనగ దెబ్బతిన్న ఏడాది కూడా ఆలస్యంగా పడ్డ వాన కందికి పనికొస్తుంది. వాన ఎప్పుడు పడుతుందో అంచనా వేసి గెలవాలని రైతు అనుకోడు. ఎప్పుడు పడినా అందుకోవడానికి ఏదో ఒకటి చేనులో ఉండాలని చూస్తాడు.

మీ డబ్బునూ అలాగే పెట్టుకుందాం. షాపు మూసినా రెండు ఖర్చులు ఆగవు: ఇంటికి 28,000, షాపు అద్దె మీరు రాసిన 18,000. నెలకు 46,000, ఆరు నెలలకు 2,76,000. షాపు అద్దెను చాలామంది ఈ లెక్కలో మర్చిపోతారు. కాబట్టి 4 లక్షల ఎఫ్‌డీలో 3 లక్షలు ముట్టుకోకండి. ఒకే ఎఫ్‌డీగా కాకుండా లక్ష చొప్పున మూడు చేయండి, అవసరమైతే ఒకటి విరగ్గొట్టినా మిగతా రెండూ కదలవు. ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది, ఆ హద్దులోనే ఉన్నారు.

మిగిలిన లక్ష మూల గిన్నె డబ్బు. ఎవరైనా హోటల్ మూసేసి డీప్ ఫ్రీజర్, పెద్ద గిన్నెలు సగం ధరకు అమ్మినప్పుడు, కొత్త హాస్టల్ వాళ్లు వచ్చి రోజూ యాభై మందికి సాయంత్రం కూరలు కావాలన్నప్పుడు తీయాల్సిన డబ్బు అది. ఏడాదంతా ఊరికే ఉన్నా బాధపడకండి. ఒక్క ప్రయత్నానికి మాత్రం 25,000 మించి పెట్టకండి.

సిప్ మళ్లీ మొదలుపెట్టండి. ఎందుకో అంకెల్లో చూపిస్తాను. నెలకు 3,000 చొప్పున ఐదు నెలలు కట్టారనుకోండి. యూనిట్ (ఫండ్‌లో ఒక వాటా) ధర 100, 80, 50, 80, మళ్లీ 100. మీకు వచ్చే యూనిట్లు 30, 37.5, 60, 37.5, 30, మొత్తం 195. కట్టింది 15,000, చివర్లో విలువ 19,500. ధర ఐదు నెలలూ కదలకుండా 100 దగ్గరే ఉంటే మీ 15,000 అలాగే 15,000. భయమేసి ఆపేసిన నెలే అన్నిటికంటే ఎక్కువ యూనిట్లు ఇచ్చే నెల.

దీనికి ఒక షరతు ఉంది, అది దాచిపెట్టి సలహా ఇవ్వడం తప్పు. పడ్డది మళ్లీ లేస్తేనే ఈ లెక్క. ఒక్క కంపెనీ షేరు లేవకపోవచ్చు, అందుకే యాభై పెద్ద కంపెనీల షేర్లలో డబ్బు పెట్టే నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ చాలు. అదైనా త్వరగా లేస్తుందని హామీ లేదు. 2020 మార్చి 23న 7,610కి పడిన నిఫ్టీ నవంబరుకే పాత గరిష్ఠం దాటింది. కానీ 2008 జనవరిలో 20,000 పైన ఉన్న సెన్సెక్స్ (నిఫ్టీ లాంటిదే మరో సూచీ) 2009 మార్చికి 8,000 దగ్గరకు పడి, మళ్లీ ఆ ఎత్తుకు రావడానికి 2010 చివరిదాకా పట్టింది. ఏడేళ్లలోపు కావాల్సిన రూపాయి, పిల్లల కాలేజీ ఫీజుతో సహా, ఇందులో పెట్టకండి.

ఇవన్నీ ఒక్క దెబ్బతో ఊడ్చుకుపోగలవు. ఆసుపత్రి, లేదా మీ ఆయనకు జరగరానిది జరగడం. మీ ఉత్తరంలో బీమా ఊసే లేదు. సిప్ కంటే ముందు, ఈ నెలలోనే, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా, మీ ఆయన పేరున టర్మ్ పాలసీ (ఆయనకు ఏదైనా జరిగితే ఇంటికి డబ్బిచ్చే బీమా) తీసుకోండి. నూనె మూకుడు ముందు రోజుకు ఎనిమిది గంటలు నిలబడే మనిషి ఆయన.

ఇల్లు వద్దనడం లేదు. చెత్త నెలలో కూడా కట్టగలిగినంతే లోను తీసుకోవాలంటున్నాను. 30,000 నెలలో ఖర్చు పోను 2,000, సొంతింటికి మారితే మిగిలే అద్దె 11,000 కలిపితే 13,000. అదే వడ్డీకి, అదే 20 ఏళ్లకు దానికి వచ్చే లోను సుమారు 15 లక్షలు. చిట్టీ చివరిదాకా ఉంచి తీసుకోండి, బాగున్న నెలల మిగులు జత చేసుకుంటూ పోండి. 15 లక్షల లోనుతో తెగే ఇల్లు దొరికిన రోజు నిశ్చింతగా కొనండి.

చిట్టీ రిజిస్టరైన సంస్థదేనా, తెలిసినవాళ్లు నడుపుతున్నదా రాయలేదు. తెలిసినవాళ్లదైతే నాకు వెంటనే రాయండి, పైన చెప్పిన లెక్క కొంత మార్చాలి. శుక్రవారం పనసపొట్టు ఆవకూర పెట్టి చూస్తామన్నారు, అది ఎలా పోయిందో కూడా అందులోనే రాయండి.