వంశం అంటే వెదురమ్మా!

సందేహం: "నేను హిరమండలం దగ్గర హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు రావడాన్ని పుస్తకంలో 'అనువంశికత' అని రాశారు. మా బడి తెలుగు మాస్టారు అది తప్పు, 'ఆనువంశికత' అనాలి అంటున్నారు. పిల్లలు ఇళ్ళల్లో విన్న 'వంశపారంపర్యం' రాస్తున్నారు, ఒకరిద్దరు 'వారసత్వం' అని కూడా రాశారు. ఏది ఒప్పు? మార్కు దేనికి వెయ్యాలి?"

సమాధానం: అమ్మా, మీ మాస్టారి మాటలో పట్టు ఉంది. అనుషంగం నుంచి ఆనుషంగికం, సమాజం నుంచి సామాజికం వచ్చినట్టే అనువంశం నుంచి ఆనువంశికం రావాలి. అయితే ఆయన మరీ బెత్తం పట్టుకోనక్కర్లేదు. ధనం ఉన్నవాణ్ణి ధనికుడు అంటున్నాం గాని ధానికుడు అనడం లేదు కదా, అక్కడ చేరిన ప్రత్యయం ఠన్, దానికి ఆదివృద్ధితో, అంటే మాట మొదటి అచ్చు సాగడంతో, పని లేదు. అనువంశం కలది అనువంశికం అని ఎవరైనా ఆ దారిన సమర్థించుకొస్తే నేను కొంచెం నవ్వుతాను గాని కొట్టిపారెయ్యను. నా ఓటు దీర్ఘానికే. మార్కు మాత్రం రెండింటికీ వెయ్యండి.

మీరు అడిగిన దానికి ఇంతే. అడగనిది ఒకటి చెబుతాను. అకారమా ఆకారమా అని కొట్టుకుంటున్నారు గాని మాట నడుమ కూర్చున్న వంశాన్ని ఎవరూ పలకరించడం లేదు. వంశం అంటే వెదురు. అమరకోశం నానార్థవర్గంలో "ద్వౌ వంశౌ కులమస్కరౌ" అని ఉంది, వంశానికి రెండర్థాలు, ఒకటి కులం, రెండోది మస్కరం. మస్కరం అంటే వెదురే.

ఇది ఎలా కుదిరిందో తెలియాలంటే నిఘంటువు మూసేసి, చేటలూ తట్టలూ అల్లే మేదరి దగ్గర కాసేపు నిలబడండి. బొంగు మొదట్లో కత్తి ఆనించి ఒక్క దెబ్బ వేస్తే కణుపు దాకా సర్రున దిగిపోతుంది, కణుపు దగ్గర ఆగుతుంది, అక్కడ కత్తిని కాస్త మెలిపెట్టి ఇంకో దెబ్బ వెయ్యాలి, అప్పుడు ఫట్‌మని విడిపోయి మళ్ళీ సర్రుమని తర్వాతి కణుపు దాకా. చీలిన బద్దను తిరగేసి చూడండి. కణుపు కణుపుకీ లోపల ఒక అడ్డుగోడ ఉంటుంది, ఈ గదిలోంచి ఆ గదిలోకి సందు లేదు, పైనున్న నార మాత్రం గది తర్వాత గదికి సాగిపోతూనే ఉంటుంది. తాత గది అయిపోయింది, తండ్రి గది మొదలైంది, నార ఒకటే. సంస్కృతంలో ఈ మాట పెట్టినవాడు ఎవడో గాని వెదురు చీల్చడం బాగా చూసినవాడు. వెన్నెముకను పృష్ఠవంశం అనడం కూడా ఈ కణుపుల వల్లనే.

అమరసింహుడు వెదురుకు ఇచ్చిన పేర్లు ఇంకా ముచ్చటగా ఉంటాయి. శతపర్వం అన్నాడు, నూరు కణుపులది. తృణధ్వజం అన్నాడు, గడ్డిజాతికి జెండా లాంటిది. యవఫలం అన్నాడు, యవల్లాంటి గింజలు కాసేది. ఇళ్ళంత ఎత్తు పెరిగే వెదురు గడ్డి కుటుంబంలోదేననీ, మన వరికి చుట్టమేననీ మీ వృక్షశాస్త్రం కూడా చెబుతోంది కదా. అందుకే 'వంశవృక్షం' అని చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, వెదురుచెట్టు అన్నట్టే ఉంటుంది మరి. ఇంకో చమత్కారం కూడా ఉంది. చాలా వెదుర్లు ఏళ్ళ తరబడి పూత లేకుండా దుంపల నుంచే పిలకలు వేసుకుంటూ బతుకుతాయి, ఒక్కసారి పూసి, గింజ రాల్చి, పొదకు పొద చచ్చిపోతాయి. మిజోరంలో ఒక జాతి వెదురు 48 ఏళ్ళకోసారి పూస్తుంది. ఆ గింజలు తిని ఎలుకలు పెరిగిపోయి 1959లో కరువే వచ్చింది. బిడ్డల్ని కనగానే పోయే మొక్క పేరు మనం వంశానికి పెట్టుకున్నాం!

(మీ వంశధార నది పేరులో ఉన్నది ఈ వంశమేనా అని రాయబోతారు, హిరమండలం వాళ్ళు కదా. దానికి ఊరికో కథ చెబుతారు, నన్ను ఇరికించకండి.)

వ్యాకరణకర్త పాణిని "సంఖ్యా వంశ్యేన" అన్న చోట, ఆయన సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తి వంశాన్ని నిర్వచించింది: "విద్యయా జన్మనా వా ప్రాణినామేకలక్షణసంతానో వంశః." చదువు వల్ల గానీ పుట్టుక వల్ల గానీ ప్రాణుల్లో ఒకే లక్షణం తెగకుండా సాగడమే వంశం. ఏ పాఠ్యపుస్తకంలో పెట్టినా తలవంపులు రాని వాక్యం. అలాగని మెండెల్ కంటే వెయ్యేళ్ళ ముందే మనకు జన్యుశాస్త్రం తెలుసంటూ వాట్సాప్‌లో తిప్పకండి. కాశికాకారుడు బఠాణీలు లెక్కపెట్టలేదు. మెండెల్ లెక్కపెట్టాడు. పొడుగు మొక్కనూ పొట్టి మొక్కనూ కలిపితే మొదటి తరం అన్నీ పొడుగే, రెండో తరంలో 787 పొడుగు, 277 పొట్టి. దాదాపు మూడుకు ఒకటి. ఒక తరంలో కనబడకుండా పోయిన పొట్టితనం తర్వాతి తరంలో తేలింది. 1866లో ఆయన ఇది అచ్చువేస్తే 1900 దాకా పట్టించుకున్నవాళ్ళు బహు తక్కువ. మన ముసలమ్మలు "అయ్య పోలిక కాదు, అచ్చం తాత పోలికే" అనేది ఈ సంగతినే గాని వాళ్ళ దగ్గర లెక్క లేదు, అంతే తేడా.

ఈ వెదురు మాటతో ఒక చిక్కు మాత్రం ఉంది. బొంగు ఒక్కటే గీతగా నిటారుగా పోతుంది, మన మనసులో వంశం కూడా అలాగే ఇంటిపేరు వెంట, మగవాళ్ళ వెంట పోతుంది. టీవీ సీరియళ్ళలో వంశోద్ధారకుడు ఎప్పుడూ మగపిల్లాడే. తల్లి దగ్గర్నుంచి వచ్చే సగం లెక్కలోకే రాదు. ఇది ఊరికే మాటల గొడవ అనుకోకండి. 2023లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు నిర్మూలన కార్యక్రమం మొదలైంది, ఏజెన్సీ పల్లెల్లో ఆ పరీక్షలు చేస్తున్నారు. ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు అని చెబితే ఏమంటారు? "మా వంశంలో ఎవులికీ నేదు బావూ, పిల్లకెలా వచ్చినాది?" అంటారు. తప్పు వాళ్ళది కాదు. వంశం అంటే నాన్న వైపు అనే కదా ఎవరికైనా తోచేది! అమ్మా నాన్నా ఇద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉండి చెరో దోషపు జన్యువు మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఇది చెప్పాల్సిన చోట "అమ్మ వైపు నుంచి, నాన్న వైపు నుంచి వచ్చింది" అనేస్తే ఏ ప్రత్యయమూ అక్కర్లేదు. మేనరికాల ఊళ్ళల్లో మరీనూ.

నిజానికి పాతవాళ్ళు తల్లిని ఇంతగా మరవలేదు. బృహదారణ్యకోపనిషత్తు చివరి వంశబ్రాహ్మణంలో గురుపరంపర చాలా దూరం తల్లుల పేర్లతోనే నడుస్తుంది. పౌతిమాషీపుత్రుడు కాత్యాయనీపుత్రుడి దగ్గర, ఆయన గౌతమీపుత్రుడి దగ్గర, ఆయన భారద్వాజీపుత్రుడి దగ్గర నేర్చుకున్నారట. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ పట్టుకుని 1987లో తల్లుల వరుసను ఆఫ్రికా దాకా తవ్వుకుంటూ వెళ్ళిన శాస్త్రవేత్తలకు ఈ జాబితా చూపిస్తే సంబరపడేవారు.

ఆ జాబితా చదువు వంశం, పుట్టుక వంశం కాదు. రెండింటికీ తేడా కాశికలో అంత స్పష్టంగా ఉంటే, మనవాళ్ళు "సేవ మా డీఎన్ఏలోనే ఉంది" అని మైకుల్లో దంచేస్తున్నారు. సేవ డీఎన్ఏలో ఉండదు నాయనా, నేర్చుకుంటే వస్తుంది, అది విద్యా వంశం. విలేకరులైనా దిద్దాలా వద్దా? వాళ్ళు దాన్నే హెడ్డింగు పెడతారు.

మిగతావి గబగబా. 'పోలిక' కంటికి కనబడేదానికి బంగారం లాంటి మాట. 'పుణికిపుచ్చుకోవడం' కూడా అందమైనదే, కానీ బిడ్డ ఏరుకుని తీసుకున్నట్టుంటుంది, కథల్లో వాడండి, పరీక్షలో వద్దు. 'వంశపారంపర్యం' జబ్బులకు స్థిరపడిపోయింది, పైన చెప్పిన జాగ్రత్తతో వాడుకోవచ్చు. 'వారసత్వం' ఆస్తికీ పదవికీ సరిపోతుంది, కంటిరంగుకు నప్పదు, నేనైతే అర మార్కు వేస్తాను. అన్నట్టు దాని పుట్టుక చూడండి, వారసుడు అరబ్బీ వారిస్ నుంచి వచ్చాడు, వెనక తగిలించిన త్వం సంస్కృతం. ఇలాంటి సంకరాలకు లేని దోషం అనువంశికతకు దీర్ఘం లేకపోతే వచ్చిందా అని మీ మాస్టారిని నా మాటగా అడగండి, ఏమన్నారో రాయండి.