మద్యం రుచి సరే, ఆ మాత్రల సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 29. ఉద్యోగరీత్యా తరచూ విందులకు వెళ్లాల్సి వస్తుంది. మద్యం చేదు, వాసన నాకు అస్సలు పడవు. వోడ్కాలో పండ్ల రసమో, ఎనర్జీ డ్రింకో కలుపుకుంటున్నా రుచి తెలుస్తూనే ఉంది. రుచి తెలియకుండా ఉండాలంటే ఏది ఎంచుకోవాలి? వెళ్లేముందు గ్యాస్ మాత్ర, పడుకునేముందు తలనొప్పి రాకుండా నొప్పి మాత్ర వేసుకుంటాను. ఈమధ్య ఉదయం పూట పైకడుపులో మంటగా ఉంటోంది.
- ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగింది రుచి గురించే అయినా, నన్ను ఆందోళన పెడుతున్నవి మీ చివరి రెండు వాక్యాలు. నొప్పి మాత్ర పేరు రాయలేదు. అది ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కోవకు చెందినదైతే, మద్యం తోడైనప్పుడు జీర్ణాశయంలో పుండ్లు పడి రక్తస్రావమయ్యే ముప్పు పెరుగుతుంది. పారాసెటమాల్ కడుపుకు అంత చేటు చేయదు గానీ, బాగా తాగేవారిలో, మోతాదు మించినప్పుడు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అయినా రాని తలనొప్పికి ముందే మాత్ర వేసుకోమని మీకు ఎవరు చెప్పారు? దాని ప్రభావం కొన్ని గంటలే. తెల్లవారేసరికి నొప్పి నొప్పిగానే ఉంటుంది, మాత్ర చేసే హాని మాత్రం మిగులుతుంది. గ్యాస్ మాత్రతోనూ చిక్కే. లోపల పుండు ఉంటే, మంట తగ్గించి దాని జాడ తెలియకుండా చేస్తుంది. ఈ రెండూ సొంతంగా వాడటం ఇప్పుడే ఆపండి.

మిమ్మల్ని పరీక్షించకుండా ఇది అల్సరేనని చెప్పలేను. జీర్ణకోశ నిపుణుణ్ని ఈ వారంలోనే కలవండి. ఎండోస్కోపీ అవసరమో కాదో వారు నిర్ణయిస్తారు. వాంతిలో రక్తం గానీ కాఫీ పొడిలాంటి పదార్థం గానీ కనిపించినా, మలం తారులా నల్లగా వచ్చినా వారం ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక రుచి. 30 మిల్లీలీటర్ల వోడ్కాలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఎంత పండ్ల రసం పోసినా ఆ 10 గ్రాములూ ఒంట్లోకే వెళతాయి. తీపి వల్ల గొంతు దిగడం తేలికై గ్లాసుల లెక్క తప్పుతుంది. ఎనర్జీ డ్రింకు మరీ ప్రమాదకరం. అందులోని కెఫీన్ మగతను కప్పేస్తుందే తప్ప రక్తంలోని ఆల్కహాల్‌ను తగ్గించదు. మత్తు ఎక్కలేదనుకొని మరికొంత తాగుతారు, బండి కూడా నడుపుతారు. అందుకే రుచి దాచే పానీయం పేరు నేను చెప్పను. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే స్పష్టం చేసింది. మీకు ఇష్టమే లేనిదాన్ని అలవాటు చేసుకోవాల్సిన అవసరం ఏముంది?

విందులో గ్లాసు పట్టుకోక తప్పదనుకుంటే ఆల్కహాల్ లేనిదే అడగండి. అయితే మంట తగ్గేవరకు సోడా, నిమ్మరసం, కోలాలు వద్దు. మంచినీళ్లు చాలు. ఆల్కహాల్ లేని బీరుగా అమ్మేవాటిలో కొన్నింటిలో 0.5 శాతం వరకు ఉండవచ్చు, లేబుల్ చదవండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ వాడిన మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. ఎంత తాగుతున్నారో అడిగితే తగ్గించి చెప్పకండి.