మాత్రలు తొమ్మిదో రోజుకే అయిపోతున్నాయి, డాక్టర్‌కి ఎలా చెప్పను?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నాకు 34 ఏళ్ళు. నాలుగేళ్ళ కింద నడుం దెబ్బతింటే ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు రాశారు, నొప్పి తగ్గాక కూడా మానలేకపోయాను, రోజుకి రెండు కాస్తా పది పన్నెండు దాకా పోయింది, ఎప్పుడు పోయిందో అడిగితే నాకే తెలీదు. కిందటేడు మా ఆవిడ పట్టుబట్టి డీ-అడిక్షన్ డాక్టర్ దగ్గరకి తీసుకెళ్తే బూప్రెనార్ఫిన్, నలాక్సోన్ కలిసున్న మాత్ర ఇచ్చారు, పొద్దున్నే నాలుక కింద పెట్టుకోవాలి. మొదటి మూడు నెలలు చాలా బాగుంది, మనిషిలా ఉన్నాను.

ఇప్పుడు ఆ మాత్రనే సరిగ్గా వాడట్లేదు. రెండు వారాలకి ఇస్తే తొమ్మిది రోజుల్లో అయిపోతున్నాయి. పొద్దున వేసుకుంటా, సాయంత్రం ఆరయ్యేసరికి కూర్చుని కూర్చుని నడుం పట్టేసి చిరాగ్గా ఉంటుంది, ఇంకో అర ముక్క పడాల్సిందే. గోళ్ళు తీసుకునే దాంతో విరగ్గొట్టి బాత్రూంలో కూర్చుని నాలుక కింద పెట్టుకుంటా, మా పాప నాన్నా నాన్నా అని తలుపు కొడుతుంటే నోరు తెరవడానికి ఉండదు, ఊఁ ఊఁ అంటుంటా. చివరి అయిదు రోజులు నరకం, చెమటలు, కాళ్ళు లాగడం, నిద్ర ఉండదు, ఇంట్లో వైరల్ ఫీవర్ అని చెప్తా. ఒకసారి ఫ్రెండ్ దగ్గర రెండు అప్పు తెచ్చుకుని తర్వాత నా వాటిలోంచి తీర్చా. నిద్ర కోసం మా అమ్మ నిద్రమాత్ర రెండుసార్లు వేసుకున్నా. డాక్టర్‌కి చెప్తే ఇది కూడా ఆపేస్తారేమోనని భయం. ఇది రాసేటప్పటికి డబ్బాలో నాలుగున్నాయి, అపాయింట్‌మెంట్ ఇంకా ఎనిమిది రోజులుంది. ఏం చెయ్యమంటారు? (పేరు వద్దు)

జవాబు: ముందు ఒక పని చేసి తర్వాత చదవండి. మీ క్లినిక్‌కి ఫోన్ చేసి, మాత్రలు ముందే అయిపోతున్నాయి, ఈ రెండు మూడు రోజుల్లో డాక్టర్‌ని కలవాలి అని చెప్పండి. ఎందుకని అడిగితే డాక్టర్‌తోనే చెప్తా అనండి చాలు. ఎనిమిది రోజులు ఆగారంటే చివరి నాలుగు రోజులు చేతిలో ఏమీ ఉండదు, మనిషి పాత ట్రమడాల్ వైపు చూసేది ఆ నాలుగు రోజుల్లోనే.

రెండోది, అమ్మగారి నిద్రమాత్ర. మీ ఉత్తరం మొత్తంలో నన్ను బాగా భయపెట్టింది అదే, మీరేమో ఒక్క లైన్‌లో తేల్చేశారు. బూప్రెనార్ఫిన్ ఒక్కటే అయితే ఊపిరిని ఒక హద్దు దాటి అణచదు, ఆ మందుకున్న పెద్ద సుగుణం అది, కానీ దాని పైన నిద్రమాత్రో ఆల్కహాలో పడితే ఆ హద్దు పనిచెయ్యదు, రెండూ కలిసి నిద్రలోనే ఊపిరి ఆపేయొచ్చు. (మన భాషలో రెంటినీ మందే అంటాం కదా, అదో తలనొప్పి, మందు మీద మందు వద్దు అంటే ఏ మందు అని అడుగుతారు.) నిద్రమాత్రా వద్దు, ఆల్కహాలూ వద్దు. నిద్ర పట్టట్లేదన్నది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన లిస్ట్‌లోనే వేసుకోండి.

ఇక ఆ సాయంత్రం అర ముక్క సంగతి. మెదడులో ఓపియాయిడ్లు (నల్లమందు జాతి మందులు, మీ ట్రమడాల్ లాంటివి) వెళ్ళి కూర్చునే సీట్లుంటాయి అనుకోండి. బూప్రెనార్ఫిన్ కర్చీఫ్ వేసి ఆ సీట్లు గట్టిగా పట్టేసుకుంటుంది, ఇంకెవర్నీ కూర్చోనివ్వదు, కూర్చున్నది కూడా సగం గోలే చేస్తుంది. అందుకే విత్‌డ్రాయల్ (మందు అందనప్పుడు వచ్చే ఆ చెమటలు, కాళ్ళు లాగడం) రాదు, కిక్ పెద్దగా ఉండదు. డోసు సరిపోయిందంటే సీట్లు చాలావరకు నిండినట్టే, ఆ పైన వేసే ముక్క కూర్చోవడానికి చోటు పెద్దగా ఉండదు. పైగా అది ఒంట్లో సగానికి తగ్గడానికే ఒక రోజు పైన పడుతుంది. పొద్దున వేసుకున్న మాత్ర సాయంత్రం ఆరుకి అయిపోదు, డోసు సరిపోయినంత వరకు.

మరి ఆరింటికి మీకేమవుతోంది? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నొప్పి తగ్గాక కూడా మానలేకపోయాను అని రాసింది మీరే, నాలుగు లైన్ల తర్వాత నడుం పట్టేస్తుంది అని రాసిందీ మీరే. ఈ మందు విత్‌డ్రాయల్‌ని రోజంతా ఆపుతుంది గానీ నొప్పిని మాత్రం ఆరు నుంచి ఎనిమిది గంటలే ఆపుతుంది. పొద్దున ఏడు ఎనిమిదికి వేసుకునే మనిషికి మధ్యాహ్నం మూడు నాలుగు దాటితే నడుం నొప్పికి మందు లేనట్టే. మీరు క్రేవింగ్ (మందు కావాలన్న తహతహ) అనుకుని సిగ్గుపడుతున్న దాంట్లో కొంత, చాలా కూడా కావొచ్చు, ఉట్టి నడుం నొప్పి. ఇలా నొప్పి కూడా ఉన్నవాళ్ళకి అదే రోజు డోసుని మూడు భాగాలు చేసి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఇవ్వడం మేం చేసే పనే. కానీ ఆ సంగతి తెలీకుండా మీ డాక్టర్ ఎలా చేస్తారు, మీరు అంతా బాగుంది సార్ అని చెప్పి వచ్చేస్తుంటే? దొంగకి తేలు కుట్టినట్టు అయింది మీ పని, కుట్టింది, అరవడానికి లేదు.

అంతా నొప్పే అని కూడా నేననను, చూడకుండా అనలేను. ఒకవేళ రోజు డోసే మీకు తక్కువైతే కూడా ఇలాగే ఉంటుంది. అయిపోతాయేమో అన్న భయంతో వేసుకునే ముక్క ఒకటుంటుంది, బాత్రూంలో ఆ పది నిమిషాలు ఎవరూ అడగరు కదా అని వేసుకునే ముక్క ఇంకొకటుంటుంది, నా దగ్గరకొచ్చే వాళ్ళలో చాలామందికి మాత్ర కంటే ఆ తలుపు గడియే ఎక్కువ అలవాటై ఉంటుంది. అందుకని ఈ రెండు మూడు రోజులు ఎక్స్‌ట్రా ముక్క తీసిన ప్రతిసారీ, తియ్యాలనిపించి ఊరుకున్నప్పుడు కూడా, టైము, దానికి ముందు ఏముందో (నొప్పా, కోపమా, ఊరికేనా) ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి. డాక్టర్‌కి అదే చూపించండి.

చెప్తే ఆపేస్తారా అన్నారు. అలా చేసే డాక్టర్లు అస్సలు లేరని అబద్ధం చెప్పను. కానీ ఈ వైద్యం తెలిసిన డాక్టర్‌కి మీ కథ కొత్తది కాదు, మందు ఆపేసిన మొదటి వారాల్లోనే మనుషులు చనిపోయే ముప్పు పెరుగుతుందని కూడా ఆయనకి తెలుసు, కాబట్టి ఆపరు, పద్ధతి మారుస్తారు. రెండు వారాలకి బదులు మూడు రోజులకో వారానికో ఇవ్వొచ్చు, కొన్నాళ్ళు క్లినిక్‌లోనే ఎదురుగా వేసుకోమనొచ్చు, డోసు పెంచొచ్చు, లేదా భాగాలు చెయ్యొచ్చు. వారానికో నెలకో ఒకసారి ఇచ్చే బూప్రెనార్ఫిన్ ఇంజెక్షన్లున్నాయి, అన్నిచోట్లా దొరకవు గానీ దొరికితే మీలాంటి వాళ్ళకి చాలా హాయి, లెక్కపెట్టడానికి ఇంట్లో మాత్రే ఉండదు. ఈ వైద్యానికే వాడే ఇంకో మందు మెథడోన్‌కి మార్చడం కూడా ఒక దారి. నిజం చెప్పినందుకు తిట్టి పంపేస్తే తప్పు మీది కాదు, వేరే డాక్టర్‌ని చూసుకోండి, మందు మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు.

నోరు రాకపోతే ఇది ఫోన్‌లో టైప్ చేసి ఆయన ముందు పెట్టండి: "సార్, 14 రోజుల మాత్రలు 9 రోజుల్లో అయిపోతున్నాయి. సాయంత్రం నడుం నొప్పికి అర ముక్క ఎక్స్‌ట్రా వేసుకుంటున్నా. నిద్రమాత్ర రెండుసార్లు వేసుకున్నా. మానాలనే ఉంది, మాత్రలు నా చేతిలో ఉంటే కుదరట్లేదు."

ఈలోపు ఆ నాలుగు మాత్రలు మీ ఆవిడ చేతికివ్వండి, తాళం వేసి రోజుకొకటి ఇమ్మనండి. వైరల్ ఫీవర్ అని ఆవిడ నమ్ముతోందని మీరు అనుకుంటున్నారు గానీ, స్ట్రిప్‌లో ఎన్ని మిగిలాయో ఆవిడకి మీకంటే బాగా తెలిసుంటుందని నాకనుమానం. తాళం ఆవిడకి అనుమానం ఉందని కాదు, పాప ఉందని. పెద్దవాళ్ళకి చాలీచాలని ముక్క ఒకటి జారి పడి పిల్ల నోట్లో పెట్టుకుంటే చిన్న పిల్లల ఊపిరి ఆగిపోవచ్చు, బాత్రూంలో గోళ్ళు తీసుకునే దాంతో విరగ్గొడుతుంటే ఆ ముక్కలు ఎటు ఎగురుతున్నాయో చూశారా ఎప్పుడైనా?

అప్పులిచ్చి పుచ్చుకోవడం కూడా కట్టిపెట్టండి. మీ ఫ్రెండ్ ఆ రోజు వేరే ఓపియాయిడ్ ఏదో వాడి ఉంటే మీరిచ్చిన మాత్ర దాన్ని సీట్లోంచి నెట్టేసి అప్పటికప్పుడు ఘోరమైన విత్‌డ్రాయల్ తెప్పించొచ్చు. మీరే ఎప్పుడైనా జారి ట్రమడాల్ వేసుకున్నా అంతే, కంగారుపడి ఆ వెంటనే ఈ మాత్ర వేసుకోకుండా క్లినిక్‌కి ఫోన్ చేసి ఎన్ని గంటలు ఆగాలో అడగండి. పాత లెక్క పది పన్నెండు మాత్రం మర్చిపోండి, ట్రమడాల్ అన్ని వేసుకుంటే ఫిట్స్ రావొచ్చు, పైగా ఒంటికి ఇప్పుడు ఆ అలవాటు లేదు.

ప్రశ్న: మా తమ్ముడు ఇదే మాత్ర రెండేళ్ళుగా వాడుతున్నాడు, చెప్పినట్టే వేసుకుంటాడు. ఒక మత్తు మానేసి ఇంకో మత్తు పట్టుకున్నట్టే కదా, ఇంకెన్నాళ్ళు అని ఇంట్లో అందరూ అంటున్నారు. మానిపించమంటారా? (ఒక అక్క)

జవాబు: వద్దమ్మా. పొద్దున మాత్ర వేసుకుని పనికి వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చే మనిషి మత్తులో ఉన్నట్టా? బూప్రెనార్ఫిన్‌ని, మెథడోన్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇన్నాళ్ళే అని గడువేం లేదు, బీపీ మాత్ర ఎన్నాళ్ళు అని ఎవరం అడగం కదా. తగ్గించాలని తనకే అనిపిస్తే డాక్టర్‌తో కలిసి నెలల తరబడి మెల్లగా తగ్గించుకుంటాడు. మీకు ఏదైనా చెయ్యాలనిపిస్తే పళ్ళ సంగతి అడగండి, నాలుక కింద కరిగే ఈ మాత్రలతో పళ్ళు పాడవుతున్నాయని 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మాత్ర పూర్తిగా కరిగాక నోట్లో నీళ్ళు పోసుకుని మెల్లగా పుక్కిలించి మింగెయ్యమనండి, బ్రష్ మాత్రం ఆ తర్వాత గంట ఆగాకే.