చాక్లెట్ తిన్న కుక్క హుషారుగానే ఉంటే ఆగి చూడవచ్చా?

మీ 10 కిలోల కుక్క గంట క్రితం 100 గ్రాముల డార్క్ చాక్లెట్ తినేసిందని, ఇప్పటికైతే హుషారుగానే ఉందని, రేపటి దాకా ఆగి చూడవచ్చా అని అడిగారు. దయచేసి ఆగకండి. మిగతాది తర్వాత చదవవచ్చు, ముందు పశువైద్యుడికి ఫోన్ చేయండి. లక్షణాలు సాధారణంగా 2 నుంచి 12 గంటల మధ్య మొదలవుతాయి. కాబట్టి గంటకే తేడా కనబడకపోతే ప్రమాదం లేదని కాదు. వాంతి చేయించి ఎక్కువ భాగం బయటికి రప్పించగలిగేది కూడా ఈ తొలి గంటల్లోనే.

మా లాబ్రడార్ ఒకసారి కోకో పొడి పొట్లం చించి తిన్నది. అది కూడా తోక ఊపుతూనే ఉంది. బరువెంత, ఏ రకం, ఎంత, ఎప్పుడు తిన్నది అని డాక్టరుగారు ఫోనులోనే అడిగి, వెంటనే తీసుకురమ్మన్నారు. వాంతికి ఇంజెక్షన్ ఇచ్చారు, తర్వాత కడుపులోని విషాన్ని పట్టి ఉంచే బొగ్గుపొడి, అంటే యాక్టివేటెడ్ చార్‌కోల్ పట్టించారు. అంత త్వరగా వెళ్లినా ఆ రాత్రి దాని గుండె విపరీతంగా కొట్టుకుంది, ఒళ్లంతా వణికింది, ఒక్క చోట పడుకోలేకపోయింది. సెలైన్ ఎక్కిస్తూ మాటిమాటికీ మూత్రానికి తీసుకెళ్లారు. మూత్రాశయంలో నిలిచిపోతే విషం మళ్లీ రక్తంలోకి చేరుతుందని అప్పుడే తెలిసింది. వెళ్లకుండా ఇంట్లోనే కూర్చుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ వణుకు పుడుతుంది.

ఆ విషం పేరు థియోబ్రోమిన్. కెఫీన్ కూడా దానికి తోడవుతుంది. కుక్క శరీరంలో థియోబ్రోమిన్ సగం తగ్గడానికే దాదాపు 17 గంటలు పడుతుంది. విరుగుడు మందు లేదు. కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు చేరితే వాంతులు, విరేచనాలు, దాహం, అశాంతి కనిపిస్తాయి. 40 దాటితే గుండె లయ తప్పుతుంది, 60 దగ్గర మూర్ఛ రావచ్చు. మిల్క్ చాక్లెట్‌లో గ్రాముకు సుమారు 2 మిల్లీగ్రాములు, డార్క్‌లో 5 లేదా అంతకన్నా ఎక్కువ, కోకో పొడిలో 20 పైనే ఉంటుంది. మీ కుక్క తిన్న దాన్ని లెక్కవేస్తే కిలోకు 50 దాకా వస్తుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వాంతి చేయించాలని ఇంట్లో ఉప్పునీళ్లు మాత్రం తాగించకండి. రక్తంలో సోడియం పెరిగి అదే ప్రాణం తీయవచ్చు. చక్కెర లేని చాక్లెట్ అయితే అందులో చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం జైలిటాల్ ఉందేమో చూడండి. అది కుక్కల్లో రక్తంలోని చక్కెరను ఒక్కసారిగా పడేస్తుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. ఎండుద్రాక్ష కలిసి ఉంటే మూత్రపిండాలకు ప్రమాదం.

ఇంట్లో పిల్లి కూడా ఉందన్నారు. పిల్లులకు తీపి రుచి తెలియదు కాబట్టి చాక్లెట్ జోలికి అరుదుగా వెళతాయి, తింటే మాత్రం వాటికీ విషమే. చిలుకలకూ అంతే.

వెళ్లేటప్పుడు చాక్లెట్ రేపర్ తీసుకెళ్లండి, చినిగిపోయినా సరే. కోకో శాతం దాని మీదే ఉంటుంది.